కనెక్షన్ తెంపిందెవరో వైర్‌షార్క్ చెప్పింది

ఇన్‌స్టాల్ చేసే పద్ధతీ, మెనూల సంగతీ వదిలేస్తున్నా. నెట్‌వర్క్‌లో పోయే ప్యాకెట్లని (డేటా ముక్కల్ని) పట్టి చూపించే వైర్‌షార్క్‌ని ఏళ్లుగా వాడుతున్న నాకు అందులో ముదురు ఎరుపు వరుస ఒక్కటి చాలు. ఆర్‌ఎస్‌టీ (రీసెట్, అంటే కనెక్షన్ తెంచేయమనే) ప్యాకెట్ వస్తే అలా కనబడుతుంది. కనెక్షన్‌ని పుటుక్కున తెంపిందెవరో పక్కనే సోర్స్ ఐపీ (పంపిన మెషీన్ అడ్రస్) చెప్పేస్తుంది.

జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ. కెమెరా తీసిన ఫొటోలు పైథాన్ సాకెట్ (రెండు ప్రోగ్రాముల మధ్య నెట్‌వర్క్ లింకు) మీద మా సర్వర్‌కి రావాలి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో అంతా బ్రహ్మాండం. అక్కడ పెట్టాక ఫొటో పైభాగం కాస్త వస్తోంది, కిందంతా బూడిద రంగు. పంపే వైపు 'కనెక్షన్ రీసెట్ బై పీర్' (అవతలివాళ్లు కనెక్షన్ తెంపారు) అని ఎర్రర్. "కోడ్ పక్కా ఉందన్నా, వాళ్ల నెట్‌వర్కే ఖరాబుంది" అన్నాడు మా టీం కుర్రాడు. పాపం వాళ్లు కేబుల్ మార్చారు, స్విచ్చూ మార్చారు.

సర్వర్‌లోనే వైర్‌షార్క్‌తో క్యాప్చర్ (ప్యాకెట్ల రికార్డింగ్) పెట్టాను. ఎరుపు వరుస వచ్చింది. సోర్స్ ఐపీ చూస్తే మా సర్వర్‌దే! కుర్రాడి కోడ్ రెసీవ్‌ని (డేటా అందుకునే ఫంక్షన్‌ని) 65536 బైట్లు ఇచ్చి ఒక్కసారే పిలిచి, వచ్చింది రాసుకుని సాకెట్ మూసేస్తోంది. ఆ అంకె గరిష్ఠ పరిమితి మాత్రమే, అన్ని బైట్లూ ఇస్తానన్న హామీ కాదు. లినక్స్‌లో లూప్‌బ్యాక్ (మెషీన్ తనకి తానే పంపుకునే దారి) ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు, 65536 కాబట్టి ల్యాప్‌టాప్‌లో చిన్న ఫొటో ఒకే ముక్కగా దిగిపోయేది. ఈథర్‌నెట్‌లో మామూలుగా 1500 కాబట్టి ముక్కలుగా వస్తుంది. చదవని డేటా బఫర్‌లో (వచ్చిన డేటా ఆగే చోట) ఉండగానే సాకెట్ మూస్తే లినక్స్ మర్యాదగా ఫిన్ (ముగించే ప్యాకెట్) పంపదు, ఆర్‌ఎస్‌టీ కొడుతుంది. ముందు 4 బైట్లలో సైజు పంపి, అన్నీ అందేదాకా లూప్‌లో చదివించాక ఫొటోలు నిండుగా వచ్చాయి. స్విచ్ మార్చినాయనకి కుర్రాడితో ఇరానీ చాయ్ ఇప్పించాను.

అలాగని చూపించిందల్లా నమ్మడానికి లేదు. పంపే మెషీన్‌లో పట్టి చూస్తే 1500 దాటిన పెద్ద పెద్ద ప్యాకెట్లు కనబడతాయి. ముక్కలు చేసే పని నెట్‌వర్క్ కార్డుది, వైర్‌షార్క్ అంతకుముందే చూసేస్తుంది. ఎరుపు వరుస కథా అంతే. అదే క్యాప్చర్ ఫ్యాక్టరీ వైపు పట్టి ఉంటే, మా సర్వర్ ఐపీ పెట్టి మధ్యలో ఫైర్‌వాలే ఆర్‌ఎస్‌టీ పంపిందేమో అన్న అనుమానం తీరేది కాదు.

నాది లోకల్ నెట్‌వర్క్, ఎన్‌క్రిప్షన్ లేని సాదా టీసీపీ కనెక్షన్, సర్వర్ మీద అడ్మిన్ హక్కులూ ఉన్నాయి కాబట్టి నాకు బాగా కుదిరింది. టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్) ఉంటే లోపలి డేటా చదవడానికి కీలాగ్ ఫైల్ (దాని తాళాలు రాసిపెట్టే ఫైల్) కావాలి, పైథాన్ 3.8 నుంచి ఆ వీలుంది గానీ తతంగమే. మాదాపూర్‌లో అడ్మిన్ హక్కులివ్వని కంపెనీ ల్యాప్‌టాప్ మీద పనిచేసేవాళ్లయితే, రెసీవ్ ఒక్కోసారి ఎన్ని బైట్లిచ్చిందో లాగ్‌లో రాయించుకుంటే త్వరగా తేలుతుంది.