ముందు అద్దం ఇంట్లో మార్చుకోవచ్చా? ఆటోనగర్‌లో మార్పించాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, మా వ్యాగనార్ ముందు అద్దం మొన్న విజయవాడ ఆటోనగర్‌లో మార్పించా, పనికి 5కి 4 స్టార్లు, ఆ ఒక్కటి ఎందుకు కోశానో కింద చెప్తా. షాపు పేరు మాత్రం అడక్కండి, కంప్లైంట్ కూడా ఉంది కాబట్టి పెట్టట్లేదు. అక్కడ గ్లాస్ షాపులకి కొదవ లేదు, పని ఎలా చేయాలో మనకి తెలిసుంటే చాలు.

చిల్లకల్లు టోల్ దాటాక ముందెళ్తున్న కంకర టిప్పర్ లోంచి రాయొచ్చి తగిలింది. మొదట చిన్న మచ్చే, ఆ సైజులో ఉంటే రెసిన్ ఎక్కించి ఆపేయొచ్చు, కానీ ఎండకి కాలిపోయున్న అద్దం మీదకి చల్లటి ఏసీ గాలి కొట్టేసరికి ఇంటికి చేరేలోపే డ్రైవర్ వైపుకి జానెడు గీత పాకింది. ఇంక మార్చడమే.

ఇక్కడే మా బావమరిది దిగాడు. "బావా, మనమే వేసేద్దాం, యూట్యూబ్‌లో అన్నీ ఉన్నాయి, నాన్న అంబాసిడర్‌కి ఇంట్లోనే వేసేవాడు కదా" అని ఒకటే పోరు. మావయ్యగారు వేసిన మాట నిజమే. కానీ అంబాసిడర్ అద్దం రబ్బరు బీడింగ్‌లో కూర్చుంటుంది, బీడింగ్‌ని అద్దానికి తొడిగి, దాని గాడిలో చుట్టూ తాడు పెట్టి, సబ్బు నీళ్లు రాసి బయట నుంచి ఒకరు నొక్కుతుంటే లోపల నుంచి ఇంకొకరు తాడు లాగుతూ పోతే రబ్బరు పెదవి రేకు మీదకి ఎక్కి కూర్చునేది. జిగురు పనే లేదు. ఇప్పటి కార్లకి అద్దాన్ని పీయూ సీలెంట్‌తో (పాలీయురేథేన్ జిగురు) బాడీకి అంటిస్తారు, అది బాడీ బలంలో భాగం. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఈ అద్దానికి కొట్టుకుని ఆ ఆసరాతోనే మనిషి వైపు తిరుగుతుంది, అంటింపు సరిగ్గా లేకపోతే అద్దమే ఊడి బయటికి పోతుంది. కాబట్టి వాన నీళ్లు కారకపోతే చాల్లే అనుకునే పని కాదిది.

పోనీ డబ్బులైనా మిగుల్తాయా అంటే అదీ లేదు. నాకు గ్లాసు, బీడింగ్, పేస్టింగ్ అన్నీ కలిపి 6,000 లోపే అయింది, అందులో లేబర్ వెయ్యి చిల్లర. ఇంట్లో చేయాలంటే రెండు సక్షన్ కప్పులు, కోసే వైరు, ప్రైమర్, సీలెంట్ ట్యూబులు, గన్ కొనాలి, ఆ వెయ్యి వాటికే చాలదు. అమెరికాలో ఉన్నోళ్లు లేబర్ ఎక్కువని తంటాలు పడతారేమో, మనకెందుకు!

షాపులో పని దగ్గరుండి చూశా. వైపర్లు, వాటి కింద నల్ల ప్లాస్టిక్ ప్యానెల్ తీసి, పాత జిగురులోంచి సన్నటి వైరు గుచ్చి లోపలొకడు బయటొకడు రంపం కోసినట్టు లాగుతూ చుట్టూ కోసుకొచ్చారు. పాత అద్దం తీయడం అంతే, నిజంగా ఈ భాగం మా బావమరిదైనా చేసేస్తాడు. అసలు పని తర్వాత. పాత జిగురుని రేకు దాకా గీకేయకూడదు, పల్చటి పొర ఉంచి దాని మీదే కొత్తది వేయాలి. గీకుడులో పెయింట్ లేచిన చోట ప్రైమర్ కొట్టకపోతే లోపల్లోపలే తుప్పు పడుతుంది, నీళ్లు కారేదాకా బయటికి తెలీదు. పెద్ద మేస్త్రీ అదంతా చేత్తో తడిమి చూసుకుని, మచ్చలు ఉన్నచోట ప్రైమర్ రాసి, ఎక్కడా తెగకుండా ఒకే ధారగా సీలెంట్ చుట్టూ పెట్టాడు, ఇద్దరు కప్పులతో పట్టుకుని ఒకేసారి దించారు. ఆ స్టార్లు ఆయనకే.

ట్యూబు మీద ఎక్స్‌పైరీ డేట్ చూపించమనండి, పీయూ బదులు సిలికాన్ తెస్తే అక్కణ్ణుంచి వచ్చేయండి. గ్లాసు మూలన ఐఎస్ఐ మార్కు, కంపెనీ ముద్ర కూడా చూసుకోండి.

"రేపటిదాకా వాటర్ వాష్ వద్దండి, ఒక డోర్ గ్లాస్ కాస్త దించి ఉంచండి, డోర్లు ధబీమని వెయ్యకండి" అన్నాడు మేస్త్రీ. అన్నీ మూసేసి డోర్ గట్టిగా వేస్తే లోపలి గాలి తోపుకి పచ్చి జిగురు కదుల్తుందట.

ఇక స్టార్ కోసింది ఎక్కడంటే, ప్యానెల్ క్లిప్పు ఒకటి విరగ్గొట్టి చెప్పకుండా వేరే కారుది పెట్టేశారు, స్పీడులో టకటక కొట్టుకుంటుంటే మళ్లీ వెళ్లి మార్పించుకున్నా. ఫాస్టాగ్ సంగతి కూడా వాళ్లు ముందే చెప్పాల్సింది. పాత అద్దం మీంచి పీకితే ట్యాగ్ చెడిపోతుంది, మళ్లీ అంటించినా పనికిరాదు, బ్యాంకు నుంచి కొత్తది తెచ్చుకోవాలి, ఈలోపు టోల్లో మామూలు కంటే ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

ఇన్సూరెన్స్ ఎందుకు వాడలేదని అడుగుతారు. గ్లాసుకి డిప్రిసియేషన్ కోత (పార్టు పాతదని క్లెయిమ్‌లో తగ్గించేది) ఉండదు, ఆ కోత లేకుండా చేసే జీరో డెప్ యాడ్-ఆన్ లేకపోయినా పర్లేదు. కానీ 1500 సీసీ లోపు కారుకి 1,000 మన జేబులోంచే పోతుంది, పైగా క్లెయిమ్ పెడితే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ, క్లెయిమ్ లేని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుంది. నాకు 50 శాతం దాకా వచ్చేసింది, 5,000 కోసం దాన్ని ఎవడు వదులుకుంటాడు? ఖరీదైన గ్లాసైతే, క్లెయిమ్ పెట్టినా బోనస్ పోకుండా కాపాడే ఎన్‌సీబీ ప్రొటెక్ట్ తీసుకునుంటే లెక్క వేరు.

అద్దం వెనక కెమెరా ఉన్న అడాస్ (డ్రైవింగ్‌లో సాయపడే ఎలక్ట్రానిక్ సిస్టమ్) కార్లోళ్లు మాత్రం ఇంటి దగ్గరా వద్దు, ఇలాంటి షాపూ వద్దు. అద్దం మార్చాక కెమెరాని మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి, ఆ ఎక్విప్‌మెంట్ ఉందో లేదో అడిగి తెలుసుకుని, ఉన్న సర్వీస్ సెంటర్‌కే ఇవ్వండి.