ప్రొపోఫాలా, కెటమినా? కంటి ప్రెషర్ లెక్క

ప్రొపోఫాల్, కెటమిన్ రెండూ ఆపరేషన్‌కో పరీక్షకో మత్తు ఇచ్చే మందులు; కంటి విషయంలో ఏది మేలన్నదే ప్రశ్న. కంటిలో ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. పాలలా తెల్లగా ఉండే ప్రొపోఫాల్ దాన్ని తగ్గిస్తుంది. బీపీని కూడా తగ్గిస్తుంది, ఎక్కించేటప్పుడు చెయ్యి మండుతుంది. కెటమిన్ కంటి ప్రెషర్‌ను పెద్దగా మార్చదు, ఒక్కోసారి కాస్త పెంచుతుంది. అసలు ఇబ్బంది వేరే: కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి, రెప్పలు బిగుసుకుంటాయి. మైక్రోస్కోప్ కింద కుట్లు వేసే సర్జన్‌కి అది నరకమే. అందుకే, బీపీ నిలకడగా ఉంటే, ప్రెషర్ పెరగకూడని, చీరుకుపోయిన కంటి ఆపరేషన్‌కి నా ఓటు ప్రొపోఫాల్‌కే.

పసిపిల్లల్లో గ్లకోమా (కంటి ప్రెషర్ పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) ఉందేమో చూసేటప్పుడు మాత్రం లెక్క తిరగబడుతుంది. ప్రొపోఫాల్ ఇచ్చి కొలిస్తే అంకె తక్కువగా వచ్చి జబ్బు కనబడకపోవచ్చు. కెటమిన్ ఇచ్చాక వచ్చే అంకె మెలకువలో ఉన్నదానికి దగ్గరగా ఉంటుంది. పైగా నరం దొరక్కపోయినా కండకు ఇవ్వొచ్చు.

ఇక ఊపిరి కోసం గొంతులో ట్యూబ్ వేసేటప్పుడు దగ్గొచ్చిందా, ఏ మందు ఇచ్చినా కంటి ప్రెషర్ ఎగబాకుతుంది.