హైబ్రిడ్ ప్యాకెటా, సూటి రకమా? కూరగాయల్లో ఏది మేలు?

షాపుకెళ్లి బెండ విత్తనం అడిగితే రెండు రకాల సరుకు చూపిస్తారు. రెండు వేరు రకాలను కలిపి పుట్టించిన హైబ్రిడ్ అయితే కిలో వేలల్లో, గింజ దాచి వేసినా అదే గుణంతో వచ్చే అర్క అనామిక లాంటి సూటి రకం అయితే వందల్లో. షాపాయన ముందు హైబ్రిడ్డే చేతిలో పెడతాడు, మార్జిన్ అక్కడుంది మరి. అలాగని హైబ్రిడ్ అంతా మోసం అనేవాళ్లతోనూ నాకు పడదు, సూటి రకం వేసేవాణ్ణి అమాయకుడిలా చూసేవాళ్లతోనూ పడదు. కూరను బట్టి జవాబు మారిపోతుంది. ఒకే రైతు మడిలో బెండకు హైబ్రిడ్ కొని, గట్టు మీద చిక్కుడుకు ఇంట్లో దాచిన గింజ పెట్టొచ్చు, అందులో తికమక ఏమీ లేదు.

ముందు బెండ. దీని అసలు శత్రువు పల్లాకు తెగులు. ఆకు ఈనెలు పసుపు రంగుకు తిరుగుతాయి, తర్వాత కాయ కూడా పాలిపోతుంది, ఆ కాయను మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. తెల్లదోమ దీన్ని మొక్క నుంచి మొక్కకు మోసుకెళ్తుంది. ఢిల్లీ పూసా సంస్థ ఇచ్చిన పూసా సవాని ఒకప్పుడు దీన్ని తట్టుకున్న రకమే, దేశమంతా వేశారు, పోనుపోనూ ఆ శక్తి పోయింది. తర్వాత బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్లు అడవి బెండతో సంకరం చేసి అర్క అనామిక తెచ్చారు, మహారాష్ట్ర నుంచి పర్భణి క్రాంతి వచ్చింది. ఇప్పుడు వాటికీ తెగులు తగులుతోంది. వైరస్ మారినప్పుడల్లా రకం కూడా మారాలి, బెండలో ఆ పరుగు ప్రైవేటు కంపెనీలే బాగా పరిగెత్తుతున్నాయి, ఒప్పుకోవాల్సిందే. అందుకే మార్కెట్‌కి వేసేవాళ్లకు, ముఖ్యంగా వేసవిలో, తెగులు తట్టుకునే హైబ్రిడ్డే మేలు. పైగా హైబ్రిడ్ ఎకరాకు 2 నుంచి 2.5 కిలోలు సరిపోతుంది, సూటి రకం 4 కిలోల పైనే పడుతుంది, కాబట్టి రేట్లలో కనిపించే తేడా పొలంలో అంత ఉండదు.

ఆ రేటు ఎందుకంత అంటే, బెండ హైబ్రిడ్ గింజ చేత్తో పుట్టిన గింజ. కర్ణాటకలో రాణెబెన్నూరు చుట్టుపక్కల విత్తన పొలాల్లో ఈ పని ఎక్కువగా జరుగుతుంది. మర్నాడు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు సాయంత్రమే గుర్తుపట్టి, అడుగున బొటనవేలి గోటితో చుట్టూ గాటు పెట్టి, రేకులూ పుప్పొడి గొట్టమూ కలిపి తొడుగులా లాగేస్తారు, పువ్వులో ఆడ భాగమైన కీలం మాత్రం మిగులుతుంది. దానికి సంచి తొడిగి, పొద్దున్నే, పుప్పొడి కోసం వేరే రకం వేసిన మగ వరసలోంచి కోసిన పువ్వును తెచ్చి రుద్దుతారు. ఇంత చేస్తే వచ్చేది ఒక్క కాయ. కన్ను తప్పి ఏ పువ్వన్నా తనంతట తాను విచ్చుకుంటే అందులో గింజలు హైబ్రిడ్ కావు, తల్లి రకమే అవుతాయి. అవి ప్యాకెట్‌లో కలిస్తే పొలంలో అక్కడక్కడ పొట్టి మొక్కో, వేరే కాయో కనబడుతుంది. లేబుల్ మీద జన్యు స్వచ్ఛత అని రాసేది దీని గురించే, మొలక శాతం ఎంత బాగున్నా ఇది పోతే డబ్బు పోయినట్టే.

టమాటా దగ్గర పోటీ ఇంకోలా ఉంటుంది. 1973లో బెంగళూరు ఇండో అమెరికన్ హైబ్రిడ్ సీడ్స్ ‘కర్ణాటక’ అనే హైబ్రిడ్ టమాటా తెచ్చింది, 1988 విత్తన విధానంతో విదేశీ కంపెనీలకూ తలుపు తెరుచుకుంది, ఇప్పుడు మదనపల్లె మార్కెట్‌కి వచ్చే కాయ చాలావరకు హైబ్రిడ్డే. కారణం దిగుబడి ఒక్కటే కాదు, తోలు గట్టిగా ఉంటే క్రేట్లలో, లారీలో రెండు రోజులు ప్రయాణం చేసినా కాయ చితకదు. కానీ హైబ్రిడ్ అంటే ప్రైవేటే అనుకోనక్కర్లేదు. ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ కూడా హైబ్రిడ్డే, ఆకుముడత వైరస్, బాక్టీరియా ఎండు తెగులు, ఆకుమాడు మూడింటినీ తట్టుకునేలా తయారుచేశారు. దొరికితే ముందు కొంత మడిలో దాన్ని వేసి, మామూలుగా కొనే కంపెనీ రకం పక్కన పెట్టి చూడటం మంచిది. ఇక పెరటికి, పప్పులోకి, చారులోకి అయితే నాటు టమాటా ముందు ఏదీ నిలవదు, ఇందులో నాతో వాదించొద్దు.

వంకాయలో నేను సూటి రకం వైపే మొగ్గుతాను. ఊరికో రుచి, ఊరికో రంగు, ఒకచోట ముళ్ల వంకాయకే గిరాకీ, ఇంకోచోట నల్లటి పొడుగు కాయకే. భాగ్యమతి, గులాబి లాంటివి మన దగ్గర ఎప్పట్నుంచో వేస్తున్నారు, మొవ్వు, కాయ తొలిచే పురుగు విషయంలో హైబ్రిడ్ కొన్నా మందు కొట్టక తప్పదు, ఇక అదనపు ఖర్చు దేనికి?

మిరప అసలు చిక్కు. గుంటూరు దగ్గర లాం పరిశోధన ఫారం ఇచ్చిన ఎల్‌సీఏ 334, 625 లాంటి సూటి రకాలు ఎండుమిర్చికి పేరున్నవి, మంచి చెట్ల కాయలు ఏరి ఎండబెట్టి గింజ దాచుకోవచ్చు. హైబ్రిడ్ అయితే డ్రిప్, ఎరువులు గట్టిగా పెట్టినచోట ఎక్కువ కాస్తుంది, కానీ పది గ్రాముల ప్యాకెట్టే వందల్లో ఉంటుంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు రెండూ ఒకేలా దెబ్బతిన్నాయి, తేడా ఏంటంటే హైబ్రిడ్ వేసినవాళ్లకు విత్తనం అప్పు కూడా మిగిలింది. కౌలు రైతుకు, నీళ్లు గ్యారంటీ లేనివాళ్లకు లాం రకాలే నయం. బోరు బాగా ఉంటే సగం సగం వేయండి.

సొంత గింజ గురించి ఒక మాట. హైబ్రిడ్ కాయలోంచి గింజ తీసి వేస్తే రెండో తరంలో గుణాలు చీలిపోతాయి, ఒక చెట్టు ఒకలా, ఇంకోటి ఇంకోలా వస్తుంది. సూటి రకంలో ఆ బాధ లేదు, కాకపోతే తేనెటీగలున్నాయి, పక్క రకం పుప్పొడి మోసుకొచ్చి గింజను కలగాపులగం చేస్తాయి. విత్తన ధ్రువీకరణ లెక్కలో వేరే రకం నుంచి టమాటాకు 25 మీటర్ల దూరం చాలు, బెండ, మిరపకు 200, బీర, సొర, కాకర లాంటి పాదులకు 500 మీటర్లు ఉండాలి. అందుకే టమాటా, చిక్కుడు గింజ దాచుకోవడం తేలిక. పక్క మడిలో వేరే సొర పాదు ఉంటే మాత్రం ఆశలు పెట్టుకోకండి. ఇందులో చట్టం టెన్షన్ కూడా అక్కర్లేదు, 2001 రకాల రక్షణ చట్టం ప్రకారం రైతు దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా, బ్రాండు వేసి అమ్మకూడదు అంతే.

ప్యాకెట్ కొంటే లేబుల్ చూడండి. నీలం ట్యాగ్ ఉంటే ధ్రువీకరించిన విత్తనం, లేత ఆకుపచ్చ లేబుల్ ఉంటే కంపెనీ తన పూచీతో అమ్మేది. కూరగాయల హైబ్రిడ్లు ఎక్కువగా రెండో దాంట్లోనే వస్తాయి. మొలక శాతం కనీసం టమాటా, వంగకు 70, బెండకు 65, మిరపకు 60 ఉండాలి. ఖాళీ ప్యాకెట్ పారేయకండి, కాస్త గింజ కూడా పక్కన ఉంచండి, పంట తేడా వస్తే ఫిర్యాదుకు లాట్ నంబరు కావాలి. నర్సరీలో ట్రేల్లో పెంచిన నారు కొనేవాళ్లకు ప్యాకెట్ కనపడనే కనపడదు కాబట్టి బిల్లు మీద రకం పేరు, లాట్ నంబరు రాయించుకోండి, రాయనంటే ఇంకో నర్సరీ చూసుకోండి.