సుత్తి దెబ్బతో తిరిగే ఇంపాక్ట్ డ్రైవర్: కొన్నేళ్ల వాడకం తరువాత

శ్రీకాకుళం జీటీ రోడ్డులోని ఒక హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న చేతి ఇంపాక్ట్ డ్రైవర్‌ను కొన్నేళ్లుగా వాడుతున్నాను. దీనికి కరెంటు, బ్యాటరీ అక్కర్లేదు; వెనుక సుత్తితో కొడితే ముందు భాగం కొద్దిగా తిరుగుతుంది. మోటారు సైకిళ్ళకు లెగ్ గార్డులు, క్యారియర్లు బిగించే ముందు పట్టేసిన పాత బోల్టులను విప్పడానికే దీన్ని ఎక్కువగా బయటికి తీస్తుంటాను. కళింగపట్నం వైపు నుంచి చేపల పెట్టెలు మోసే బళ్ళకు ఈ అవసరం మరీ ఎక్కువ, ఎందుకంటే పెట్టెల్లోంచి కారే ఉప్పునీరు క్యారియర్ మీదుగా జారి షాక్ అబ్జార్బర్ పై నట్టు దగ్గర నిలిచి, నట్టునూ వాషరునూ ఒకే ముద్దగా చేసేస్తుంది.

పానాకు ఇనుప పైపు తొడిగి లాగడం అందరికీ అలవాటైన పద్ధతే గాని, తుప్పు వదలకముందే ఎం6, ఎం8 వంటి చిన్న బోల్టులు మెడ దగ్గర తెగిపోయే ప్రమాదం అందులోనే ఉంది. ఈ డ్రైవర్ లోపలి వాలు గాడి సుత్తి దెబ్బలో కొంత భాగాన్ని తిప్పే బలంగా మారుస్తుంది, మిగిలిన దెబ్బ ముందు తొడిగిన బిట్‌ను, అంటే స్క్రూ గాడిలో కూర్చునే మొనను, స్క్రూ తలలోకి అదిమిపెడుతుంది. అందువల్ల ప్లస్ గాడి అరిగిపోదు, ఆ అదురుకు మరల మధ్య తుప్పు చిట్లుతుంది. ముందు రోజు రాత్రే నూనె వేసి, మొదటి దెబ్బ బిగించే వైపుకే కొట్టి, ఆ తరువాత విప్పే వైపుకు మారిస్తే ఫలితం ఇంకా బాగుంటుంది. నూనె విషయానికొస్తే, 1953లో తయారైన డబ్ల్యూడీ-40 తేమను తరిమి తుప్పును ఆపడానికి పుట్టింది. పట్టేసిన మరలోకి దిగడానికి ప్రత్యేకంగా చేసిన పెనెట్రేటింగ్ ఆయిల్‌నే నేను ఎంచుకుంటాను.

అల్యూమినియం భాగంలో ఉక్కు బోల్టు పట్టేసినప్పుడు ఆ భాగాన్ని హాట్ గన్‌తో (వేడి గాలి ఊదే పరికరం) వేడి చేసి కొడతాను. అల్యూమినియం ఉక్కుకు దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. పెట్రోలు ట్యాంకు, రబ్బరు బుష్‌ల దగ్గర మాత్రం ఈ పని చేయను.

దీనికి చేతకాని చోట్లూ ఉన్నాయి. హ్యాండిల్ మీది బ్రేకు మాస్టర్ సిలిండర్ మూతకు కింద ఆధారం లేదు, అక్కడ సుత్తి దెబ్బ కొడితే మూతకో సిలిండర్‌కో నష్టం తప్పదు. లెగ్ గార్డు కోసం ఇంజన్ మౌంటింగ్ బోల్టు తీయాల్సి వస్తే, ఇంజన్ కింద చెక్క దిమ్మ పెట్టాకే పని మొదలుపెట్టాలి. అద్దాల సంగతి వేరు: చాలా యమహా బళ్ళలో కుడి అద్దానికి ఎడమ మర ఉంటుంది, అంటే మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితేనే విడుతుంది. అది రాకపోతే పట్టేసిందని కాదు, విప్పుతున్నామనుకుని మనమే బిగిస్తున్నాం.

డ్రైవర్‌తో వచ్చిన బిట్లు మెత్తనివి, త్వరగానే మొనలు విరిగాయి. విడిగా గట్టి బిట్లు కొనుక్కోవలసి వచ్చింది. బోల్టు తలకు తొడిగే మామూలు క్రోమ్ సాకెట్లు దెబ్బకు పగులుతాయి కాబట్టి నల్లటి ఇంపాక్ట్ సాకెట్లే తొడగాలి. అసలు బాడీకి ఇంతవరకు ఏమీ కాలేదు, సముద్రపు గాలికి లోపలి స్ప్రింగు తుప్పు పట్టకుండా అప్పుడప్పుడూ విప్పి గ్రీజు రాస్తే చాలు.