బాపట్ల తీరంలో ప్లాటు కొనబోతున్న బెంగళూరు తెలుగువాళ్లకి: రిజిస్ట్రేషన్ అయినంత మాత్రాన ఇల్లు లేవదు

మొన్న ఉగాదికి వైట్‌ఫీల్డ్ దగ్గర మనవాళ్ల సంబరాల్లో పులిహోర ప్లేటు పట్టుకుని తిరుగుతుంటే ఒక స్టాలు కంటపడింది. నీలం బ్యానరు, కొబ్బరి చెట్లు, తెల్లటి ఇసుక. "బెంగళూరు అద్దె డబ్బుతో సముద్రం పక్కన సొంతిల్లు" అని పెద్ద అక్షరాలు. కంపెనీ పేరు కొత్తది. బల్ల వెనక నవ్వుతూ నిలబడ్డ మనిషి మాత్రం పాతవాడే. మూడేళ్ల కిందట నాకు 18 లక్షల 15 వేలకి నీళ్లగుంట అంటగట్టింది ఈయనే. నన్ను గుర్తుపట్టి "అన్నా, బాగున్నారా, వదిన గారు బాగున్నారా?" అని పలకరించాడు కూడా. అక్కడ ఇద్దరు కుర్రాళ్లు సైట్ విజిట్‌కి పేర్లు రాయిస్తున్నారు. వాళ్లని పక్కకి పిలిచి చెప్పాను. మిగతావాళ్లకి ఇలా రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయను. రాసినా లాభం లేదు, వచ్చే ఏడాదికి మారిపోతుంది. వాళ్లు అమ్మే తీరు మారదు. దాన్ని గుర్తుపట్టండి చాలు.

మాది అనంతపురం వైపు. మా నాన్న చేన్లో మూడు బోర్లు వేయించాడు, ఆఖరిది ఎనిమిది వందల అడుగులు. మూడింట్లోనూ దుమ్మే. బెంగళూరు వచ్చి పదకొండేళ్లు, మున్నేకొళాలలో రెండు పడగ్గదుల అద్దె ఇల్లు. కరోనా అయ్యాక ఆఫీసులు తెరిచేసరికి 24 వేల అద్దె 38 వేలయింది. ట్యాంకరు ఖర్చు వేరు. నాకు ఇంటి నుంచే పని. ఇంక ఈ ఊళ్లో ఉండి సాధించేది ఏముంది అని 2022 అంతా ఇంట్లో ఇదే మాట. విశాఖ ఖరీదు, నెల్లూరు మాకు అంతగా తెలియదు. చీరాల, బాపట్ల వైపు అయితే చిన్న ఊళ్లు, అద్దెలు తక్కువ, శేషాద్రి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రైలు మారకుండా దిగొచ్చు. ఆలోచనలో తప్పు లేదు, ఇప్పటికీ అదే అంటాను. తప్పు ఎక్కడ జరిగిందంటే, అద్దెకి వెళ్లి ఒక ఏడాది ఉండి చూడకుండా నేరుగా స్థలం కొనడానికి ఎగబడ్డాం.

2023 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. మారతహళ్లి నుంచి వాళ్ల బస్సే. పొద్దున్నే సూర్యలంకలో స్నానం, ఇడ్లీ, ఆ తర్వాత సైటు. మధ్యాహ్నం రొయ్యల వేపుడుతో భోజనం. ముందు రాత్రి బస్సులో నిద్ర లేదు, కడుపు నిండా తిండి, ఎదురుగా సముద్రపు గాలి. ఆ స్థితిలో మనిషి ఏం అడుగుతాడు? ఆరెకరాల బిట్టు, ఎర్రమట్టి రోడ్లు, రంగు రాళ్లు, సుమారు 80 ప్లాట్లు. వెనక వైపు వెడల్పాటి నీటి పాయ మెరుస్తోంది. బ్రోచర్లో దాని పేరు 'లేక్ వ్యూ'. ఆ వరసకి గజానికి 300 ఎక్కువ. నేను ఆ వరసలోనే తీసుకున్నాను, తెలివైనవాణ్ని కదా.

అక్కడే ఒక గుంత తవ్వించారు. నాలుగు పారలు వేయగానే ఊట. ఏజెంటు దోసిలితో తీసుకుని తాగాడు, నాకూ ఇచ్చాడు. తియ్యగా ఉన్నాయి. మా అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. "ఇంత పైనే నీళ్లంటనే, ఇంగేం కావల్ల నాయనా" అంది. ఎనిమిది వందల అడుగుల బోరు చూసినవాడికి ఆ గుంత ఏం చేస్తుందో అమ్మేవాడికి బాగా తెలుసు. తీరం ఇసుకలో వాననీరు తేలిక కాబట్టి కింది ఉప్పునీటి మీద తెట్టులా తేలుతుందనీ, మోటారు పెట్టి గట్టిగా తోడితే కింద ఉన్న ఉప్పు పైకొస్తుందనీ నాకు తర్వాత తెలిసింది. జనవరిలో, వానలు వెలిసిన కొద్ది రోజులకి, పై నీళ్లు ఎలాగూ తియ్యగానే ఉంటాయి. మే నెలలో తవ్వించి చూపించమనండి.

ధర దగ్గర ఇంకో మాయ. మన బెంగళూరోళ్లం స్థలాన్ని చదరపు అడుగుల్లో లెక్కేస్తాం, థర్టీ ఫార్టీ అంటే 1200. అక్కడ సెంట్లు, గజాలు. ఒక సెంటు 48.4 గజాలు, ఒక గజం 9 చదరపు అడుగులు. నాకు గజం 7,500 పడింది. అంటే అడుగు 833 రూపాయలు. ఇక్కడి రేట్లతో పోల్చుకుని నాకు నేనే నవ్వుకున్నాను, ఎంత చవకో అని. పోల్చాల్సింది ఆ పక్క పొలం రేటుతో. అది ఒక రైతు నోట ఎప్పుడు విన్నానో తర్వాత చెప్తాను.

"సముద్రానికి దగ్గర కదా, సీఆర్‌జెడ్ ఉండదా?" అని అడిగిన ఒకే ఒక్క మంచి ప్రశ్న నా భార్యది. సీఆర్‌జెడ్ అంటే తీరం వెంట కట్టడాల మీద ఆంక్షలుండే ప్రాంతం. ఏజెంటు ఫోన్లో మ్యాపు తీసి గీత గీసి చూపించాడు. "తీరం నుంచి 700 మీటర్లు వదినా. సీఆర్‌జెడ్ 500 వరకే. మనం దాటేశాం." ఆ ముక్కలో అబద్ధం లేదు. చెప్పకుండా వదిలేసిన సంగతే మమ్మల్ని ముంచింది. ఆ 500 మీటర్లు సముద్రపు పోటు గీత నుంచి కొలుస్తారు. కానీ పోటు నీళ్లు ఎక్కే ఏరులు, కాలువల గట్ల వెంట కూడా సీఆర్‌జెడ్ ఉంటుంది. 2011 నోటిఫికేషన్ ప్రకారం ఏటి గట్టు నుంచి 100 మీటర్లు లేదా ఏటి వెడల్పు, ఏది తక్కువైతే అది. 2019 నోటిఫికేషన్లో ఆ 100ని 50 చేశారు. కొత్త నిబంధనల ప్రకారం తీర ప్రణాళిక పటాలు సవరించి ఆమోదించే దాకా పాత పటాలే లెక్క. కాబట్టి "కొత్త రూల్ వచ్చింది సార్" అని ఎవరన్నా అంటే, ఆ ఊరికి ఏ పటం నడుస్తోందో కాగితం మీద చూపించమనండి. నా 'లేక్ వ్యూ' లేకూ కాదు చెరువూ కాదు. ఉప్పుటేరు. గట్టు మీద వల ఆరేసుకుంటున్న ఒక పెద్దావిడని తర్వాత అడిగితే ఒక్క ముక్కలో తేల్చేసింది: "పోటుకి ఏరు ఎక్కుద్దయ్యా, ఇక్కడిదాకా వచ్చుద్ది." ఈ మాట జనవరిలో అడిగుంటే నాకు 18 లక్షలు మిగిలేవి.

అవతల గట్టున ఇళ్లు కనిపిస్తాయి. "వాళ్లంతా కట్టుకోలేదా అన్నా?" అంటాడు ఏజెంటు. అవి బెస్తవాళ్ల పాత ఇళ్లు. తరతరాలుగా తీరం మీద బతికేవాళ్లకి, ఉన్న ఇల్లు బాగుచేసుకునేవాళ్లకి చట్టంలో వేరే వెసులుబాట్లున్నాయి. మున్నేకొళాల నుంచి వచ్చి డాబా వేస్తానంటే అవి మనకి వర్తించవు.

ఇప్పుడు డబ్బు సంగతి. ముందు బ్యాంకు లోను కోసం వెళ్లాను. వారం ఆగి, ఈ కాగితాల మీద ఇవ్వలేం అన్నారు. ఏజెంటు నవ్వేసి, "ఊళ్లలో చిన్న ప్లాట్లకి బ్యాంకులు ఇవ్వవన్నా, వాళ్లకి ఓపిక ఉండదు" అన్నాడు. నమ్మాను. దయచేసి ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. బ్యాంకు ప్యానెల్ లాయరు కాగితాలు చదివి వద్దన్నాడంటే, మనకి పైసా ఖర్చు లేకుండా ఒక వకీలు సలహా దొరికినట్టు. దాన్ని పారేసి నేను పీఎఫ్ తీశాను, మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టాం.

దస్తావేజులో 3 లక్షల చిల్లర చూపించారు. మిగతా దాంట్లో కొంత నగదు, కొంత 'డెవలప్‌మెంట్ చార్జీలు' అని లెటర్‌హెడ్ మీద రసీదు. "స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం అన్నా, ఎందుకు దండగ?" అన్నాడు, నా మీద ప్రేమతో. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆపైన నగదు పుచ్చుకోవడాన్నే ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. అదొక ఎత్తు. రేపు డబ్బు వెనక్కివ్వమని అడగాల్సి వస్తే మన చేతిలో గట్టి రుజువున్నది ఆ 3 లక్షలకే. అది నేను ఇప్పుడు అనుభవిస్తున్నాను.

రిజిస్ట్రేషన్ రోజున మమ్మల్ని వరసగా కూర్చోబెట్టారు, వేలిముద్ర, ఫోటో, అరగంటలో అయిపోయింది. బయటికొచ్చి స్వీటు బాక్సు ఇచ్చారు. గవర్నమెంటే రిజిస్టర్ చేసిందంటే ఇంక భయమేంటి అని హాయిగా నిద్రపోయాను. రిజిస్ట్రేషన్ అంటే ఇదిగో ఫలానావాడు ఫలానావాడికి రాసిచ్చాడు అని నమోదు. అక్కడ ఇల్లు కట్టొచ్చా, లేఔటుకి అనుమతి ఉందా, రాసిచ్చినవాడి హక్కు ఎంత గట్టిది అనేవి వాళ్లు పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్ కాదు. 22ఎ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉంటే ఆపుతారు, అంతవరకే. మా బ్యాచ్‌లో ఒకాయన సర్వే నంబరు ఆ జాబితాలోనే ఉంది, డీ పట్టా భూమి, అంటే ప్రభుత్వం పేదలకి ఇచ్చిన అసైన్డ్ భూమి. ఆయనకి రిజిస్ట్రేషన్ బదులు నోటరీ అగ్రిమెంటు చేతిలో పెట్టి, "త్వరలో ఫ్రీహోల్డ్ అవుతుంది, అమ్ముకునే హక్కు వస్తుంది, అప్పుడు చేసేద్దాం" అన్నారు. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నాడు. ఆ జాబితా రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో సర్వే నంబరు కొడితే ఎవరికైనా కనిపిస్తుంది.

నా దస్తావేజు నేను సరిగ్గా చదివింది ఎప్పుడో తెలుసా? కొన్న ఏడు నెలలకి, ప్లాను కోసం వెళ్లినప్పుడు. అందులో ప్లాటు నంబరు లేదు. రోడ్డు లేదు. '5 సెంట్ల మెట్ట భూమి' అని ఉంది, హద్దులకి నాలుగు పక్కలా రైతుల పేర్లు. అమ్మినవాడి చోట ఒక ముసలాయన వేలిముద్ర. కంపెనీ పేరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఎక్కడా లేదు. లేఔటుకి ఎల్పీ నంబరు (అనుమతి నంబరు) లేదు, నాలా కన్వర్షన్ (పొలాన్ని ఇళ్ల స్థలంగా మార్చే అనుమతి) లేదు. 500 చదరపు మీటర్లు, 8 ప్లాట్లు దాటిన వెంచర్ రెరాలో (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థలో) నమోదు కాకుండా ప్రకటన వేయడమే 2016 చట్టం ప్రకారం తప్పు. ఇక్కడ 80 ప్లాట్లు, నమోదు సున్నా. బ్రోచర్ మీద 'పంచాయతీ అప్రూవ్డ్' అని ముద్ర చూసి నేను సరిపెట్టుకున్నాను.

ఆ డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. పది రోజులాగి వెళ్లాను. మోకాలి లోతు నీళ్లు. రంగు రాళ్లు ఒక్కటీ లేదు. నా ప్లాటు ఎక్కడో నాకు తెలియలేదు. అప్పుడే ఆ ముసలాయన, దస్తావేజులో వేలిముద్ర వేసినాయన, గట్టు మీద కనిపించాడు. టీ ఇప్పించాడు, నా డబ్బుతో కాదు, ఆయనదే. "ఇది ఉప్పు పర్ర బాబూ. మా తాత కాలం నుంచీ నీళ్లు ఇక్కడే నిలబడతయ్. నాకు సెంటుకి నలభై వేలిచ్చారు, ఇల్లు కట్టుకుంటారంటే నవ్వొచ్చింది, పెద్దోళ్లు కదా, ఏదో తెలిసే కొంటున్నారనుకున్నా." సెంటు 40 వేలంటే గజం 830 లోపే. నాకు పడింది 7,500. పర్ర అంటే నీళ్లు నిలబడే ఉప్పునేల. ఆ మాట ఊరందరికీ తెలుసు. కొన్నవాళ్లకే తెలియదు.

లాయర్ని కలిశాను. కేసు వేయొచ్చు, కానీ కాగితం ప్రకారం నాకు భూమి అమ్మింది ఆ ముసలాయన. ఆయన్ని కోర్టుకి లాగాలా? కంపెనీ మీద ఉన్న ఆధారం ఆ లెటర్‌హెడ్ రసీదు, కొన్ని వాట్సాప్ మెసేజీలు. రెరాకి ఫిర్యాదు పెట్టాం, బ్యాచ్‌లో పదకొండు మందిమి కలిసి. నడుస్తోంది. మీలో ఎవరైనా అదే బస్సులో వెళ్లి కొనుంటే రసీదులు, బ్రోచర్, ఏజెంటు వాయిస్ మెసేజీలు తుడిపేయకండి.

అటువైపు వెళ్లాలనుకునేవాళ్లని భయపెట్టడానికి ఇదంతా రాయట్లేదు. మా బ్యాచ్‌లోనే ఒక జంట చీరాల టౌన్లో అద్దెకి దిగి హాయిగా ఉంది. ఏసీ బయటి పెట్టె ఉప్పుగాలికి రెండేళ్లకే తుప్పు పట్టిందని ఒక్కటే గొణుగుడు. వెళ్లండి, కానీ వానల్లో ఒకసారి వెళ్లండి, నవంబరులో. కంపెనీ బస్సు ఎక్కకండి, రైల్లో వెళ్లండి. సర్వే నంబరు తీసుకుని ప్రభుత్వ వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, 1బి (భూమి రికార్డులు) చూసుకోండి, ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) తీయించండి, ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల) పటం పట్టుకుని సర్వేయరుతో నడవండి. ఏజెంటు లేకుండా ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చుని ఆ బిట్టుని ఏమని పిలుస్తారో అడగండి. పర్ర అన్నా, మడ అన్నా, ఏటి గట్టు అన్నా లేచి స్టేషన్‌కి వచ్చేయండి.

2024 మార్చిలో మా వీధికి వారం పాటు ట్యాంకరు రాకపోతే మా ఆవిడ బిందె పట్టుకుని, "అక్కడ మన ప్లాటు నిండా నీళ్లే ఉంటాయి, వెళ్లి తెచ్చుకో" అంది. ఆ మాటకి సమాధానం ఇంకా దొరకలేదు.

పోయిన నెల ముసలాయన ఫోన్ చేశాడు. "మీ బిట్లో గేదెల్ని కట్టేసుకుంటా బాబూ, గడ్డి బాగా లేచింది. ఏమనుకోరుగా?" అన్నాడు. కట్టేసుకోమన్నాను.