పదిహేనేళ్లుగా వింటున్న అండర్‌గ్రౌండ్ కంపైలేషన్ క్యాసెట్లు

నా దగ్గర ఇప్పుడు అరవై రెండు కంపైలేషన్ క్యాసెట్లున్నాయి. ఒక్కోదాంట్లో పది నుంచి ఇరవై బ్యాండ్లు, ఒక్కో బ్యాండ్‌వి ఒకటో రెండో పాటలు. ఎక్కువ భాగం 1980ల నాటివి: పంక్, నాయిస్ (రొదనే సంగీతంగా మలిచేది), గిటార్ పాప్, ఏ పేరు పెట్టాలో తెలియని ప్రయోగాలు. పదిహేనేళ్లుగా వారానికి మూడైనా వింటున్నాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ఒకే బ్యాండ్ క్యాసెట్ కన్నా కంపైలేషనే మేలని నా గట్టి అభిప్రాయం. కారణం టేపు నడిచే తీరులోనే ఉంది. పాట నచ్చలేదని దాటేయాలంటే ఫార్వర్డ్ నొక్కాలి, అంచనాగా ఆపాలి, ఎక్కువ ముందుకెళ్లిపోతే మళ్లీ వెనక్కి తిప్పాలి. ఆ తంటా పడే బదులు మూడు నిమిషాలు వినేయడమే సుఖం. అలా వినగా వినగా, మొదట్లో విసుగనిపించిన పాటే ఓ రోజు వంట చేస్తుంటే నోట్లో ఆడుతుంది.

న్యూయార్క్‌లో నీల్ కూపర్ 1979లో పెట్టిన రోయర్ సంస్థ క్యాసెట్ల మీదే సంగీతం విడుదల చేసేది. బ్యాడ్ బ్రెయిన్స్ అనే పంక్ బ్యాండ్ తొలి ఆల్బమ్ 1982లో అక్కడి నుంచి క్యాసెట్‌గానే వచ్చింది. అదే ఏడాది వాళ్లు తెచ్చిన కంపైలేషన్ 'న్యూయార్క్ థ్రాష్'. నేను దాన్ని బ్యాడ్ బ్రెయిన్స్ కోసమే తెచ్చుకున్నాను. అందులో బీస్టీ బాయ్స్ కూడా ఉన్నారు. అప్పటికి వాళ్లింకా ర్యాప్ వైపు వెళ్లలేదు, హడావుడిగా వాయించే పంక్ కుర్రాళ్లు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఆ టేపు తీసేది ఈ ఇద్దరి కోసమూ కాదు. ఈవెన్ వర్స్ కోసం, ఫాల్స్ ప్రాఫెట్స్ కోసం. పాటలు విడివిడిగా ఎంచుకునే వీలుంటే ఈ రెండు పేర్ల మీద నా చూపే పడేది కాదు.

ఎల్పీ రికార్డు వేయించాలంటే వందల కాపీలకి ముందే డబ్బు కట్టాలి. క్యాసెట్‌కి ఆ బెడద లేదు. రెండు డెక్‌లు (క్యాసెట్ ఆడించి, రికార్డు చేసే పెట్టెలు) ఉంటే చాలు, అడిగినవాళ్లకి అడిగినన్ని కాపీలు ఇంట్లోనే తీసి పోస్టులో పంపొచ్చు. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపియాలో బ్రూస్ పావిట్ నడిపిన సబ్ పాప్ పత్రిక ఐదో సంచిక 1981లో కాగితం మీద కాక క్యాసెట్‌గా వచ్చింది. తర్వాత అదే పేరుతో పెద్ద రికార్డు కంపెనీ పుట్టింది. అదే ఊళ్లో కాల్విన్ జాన్సన్ 1982లో మొదలుపెట్టిన కె రికార్డ్స్ కూడా క్యాసెట్లతోనే నిలదొక్కుకుంది. న్యూయార్క్‌లో టెల్లస్ అయితే ఏకంగా క్యాసెట్ పత్రికే. 1983 నుంచి పదేళ్లు నడిచింది. ఒక్కో సంచిక ఒక్కో విషయం మీద ఉంటుంది. టెల్లస్‌ని పాటల్లా కాక పత్రికలా వినండి, లేకపోతే నిరాశ పడతారు. ఇక బ్రిటన్‌లో ఎన్ఎంఈ అనే సంగీత పత్రిక 1986లో పాఠకుల కోసం తెచ్చిన సీ86 అనే క్యాసెట్‌లో ఇరవై రెండు బ్యాండ్లున్నాయి. ఆ క్యాసెట్ పేరే చివరికి ఒక తరహా గిటార్ సంగీతానికి పేరైపోయింది. నిజానికి ఆ ఇరవై రెండూ ఒక్క తీరువి కావు, కొన్ని చాలా కరకుగా ఉంటాయి.

ఇక శబ్దం సంగతి. కంపెనీ ముద్ర ఉన్న టేపులు బాగానే పలుకుతాయి. ఇళ్లలో కాపీ చేసినవాటితోనే తంటా. ఒక బ్యాండ్ మంచి స్టూడియోలో రికార్డు చేసి పంపి ఉంటుంది, ఇంకొకరు గదిలో ఒక్క మైకు పెట్టి చేసి ఉంటారు. అన్నీ కలిపి ఒక టేపు మీదికి ఎక్కించేటప్పుడు ఎవరి సౌండు వాళ్లదే. అందుకే ఒక పాటకి వాల్యూమ్ పెంచితే తర్వాతి పాట చెవులు పగలగొడుతుంది. పైగా కాపీ నుంచి కాపీ తీసిన కొద్దీ 'స్స్‌స్' అనే బుస పెరుగుతుంది. ఆ బుస నాకు రెండు నెలల్లో అలవాటైంది. మీకు కాకపోవచ్చు కూడా.

అలవాటు కానిది మరొకటుంది. కొన్ని టేపులు దుప్పటి కప్పి వాయించినట్టు వినిపిస్తాయి. చాలాకాలం అవి పాడైపోయాయనే అనుకున్నాను, నాలుగైదు పక్కన పడేశాను కూడా. అసలు కారణం హెడ్ వాలు. హెడ్ అంటే డెక్‌లో టేపుకి ఆని శబ్దాన్ని చదివే భాగం. కాపీ తీసిన డెక్‌లో హెడ్ కాస్త అటో ఇటో వాలి ఉంటే, మన డెక్‌లో ఆ టేపు పై స్వరాలు పోతాయి. హెడ్ పక్కనే స్ప్రింగు ఉన్న చిన్న స్క్రూ ఒకటుంటుంది. టేపు ఆడుతుండగానే సన్నటి స్క్రూడ్రైవర్‌తో దాన్ని వెంట్రుకవాసి తిప్పాను. ముందు ఏమీ మారలేదు. ఇంకో పిసరు తిప్పేసరికి డ్రమ్స్ తాళాలు గణగణమన్నాయి, ఆ వెనకే పాడే అమ్మాయి ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆరేళ్లుగా నా దగ్గరే ఉన్న టేపు అది! స్క్రూ మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకోవడం మాత్రం మరవకండి. ఒక టేపుకి సరిచేస్తే మిగతావన్నీ మసకబారతాయి.

టేపు నిడివి కూడా చూసుకోండి. అరవై నిమిషాల క్యాసెట్ గట్టిది. తొంభైది కాస్త పల్చన, అయినా ఫరవాలేదు. నూట ఇరవై నిమిషాలది మరీ పల్చన, సాగిపోతుంది, రోలర్‌కి చుట్టుకుంటుంది. నాకు నష్టం వచ్చింది అక్కడే: ఇంట్లో కాపీ చేసిన ఒక నాయిస్ కంపైలేషన్‌ని డెక్ నమిలేసింది. కొన్ని సెకన్ల టేపు అకార్డియన్ మడతల్లా నలిగింది. వేళ్లతో నిమిరి సాఫు చేసి, పెన్సిల్‌తో లోపలికి చుట్టాను. ఇప్పటికీ ఆ చోటికి రాగానే పాట తడబడుతుంది. పల్చటి టేపులో ఇంకో చిక్కుంది. ఒక చుట్టు మీది అయస్కాంతం పక్క చుట్టుకి అంటుతుంది, అందుకే పాట మొదలవకముందే అదే పాట నీడలా సన్నగా వినిపిస్తుంది. దీనికి మందు లేదు.

ఇన్‌లే కార్డు, అంటే క్యాసెట్ పెట్టెలో పెట్టే పాటల వివరాల కాగితం, గురించి చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. చాలావాటికి అది జిరాక్స్ కాగితమే: చేతిరాత, కత్తిరించి అంటించిన బొమ్మలు, ఒక్కో బ్యాండ్ పేరు కింద పోస్టు చిరునామా. అప్పట్లో పాట నచ్చితే నేరుగా వాళ్లకే ఉత్తరం రాసేవాళ్లు, ఆ బ్యాండ్ తన క్యాసెట్ పంపేది. ఒక టేపు పది టేపులకి దారి చూపించేది. కార్డు లేకుండా అమ్మే క్యాసెట్ నేనిప్పుడు తీసుకోను, ఎంత అరుదైనదైనా సరే. ఎవరు పాడారో తెలియని ఇరవై పాటలతో ఏం చేస్తాం? కార్డున్నా తప్పులుంటాయి. నా దగ్గరున్న ఒకదాంట్లో పద్నాలుగు పేర్లు రాసి ఉన్నాయి, టేపులో మాత్రం పదిహేను పాటలున్నాయి.

డిజిటల్ కాపీ అందరికీ చెబుతాను, నేనూ తీసి పెట్టుకున్నాను. అయితే ఒక్కో సైడు ఒకే ఫైలుగా ఉంచాను, పాటలుగా విడగొట్టలేదు. విడగొట్టిన రోజున నేనూ నచ్చినవే వింటాను.

మొదలుపెట్టేవాళ్లు రోయర్ టేపుల్లాంటి, సరిగ్గా విడుదలైనవాటితో మొదలుపెట్టండి. ఇంటి కాపీల జోలికి తర్వాత వెళ్లొచ్చు. పాత క్యాసెట్ చేతికి రాగానే వెంటనే ప్లే నొక్కొద్దు. ముందు వైపు మధ్యలో, టేపు వెనక, రాగి రంగు రేకు మీద చిన్న ఫెల్ట్ ముక్క ఉంటుంది. టేపుని హెడ్‌కి ఆనించేది అదే. పాతబడితే జిగురు ఎండి రాలిపోతుంది, అప్పుడు సౌండు వచ్చీ రాకుండా వస్తుంది. అలాంటివి తొమ్మిది బాగుచేశాను. స్క్రూలున్న డబ్బా అయితే విప్పి, టేపుని కొత్త డబ్బాలోకి మార్చడం అరగంట పని. అతికించేసిన డబ్బా అయితే బ్లేడుతో చీల్చాల్సిందే, నా చేతిలో రెండు విరిగాయి. ఫెల్ట్ ఉందని చూసుకున్నాక, పెన్సిల్ పెట్టి నాలుగు చుట్లు తిప్పి, ఎక్కడా పట్టేయడం లేదనిపిస్తేనే డెక్‌లో పెట్టండి.