సెంటు వాసన గుప్పుమంటే ఆ కారు కొనకండి: హనుమకొండల నాకైన అనుభవం

హనుమకొండ, కాజీపేట దిక్కు సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నోళ్లు ఇది చదివినంకనే అడ్వాన్స్ ఇయ్యండి. డోర్ తీయంగనే సెంటు వాసన ముక్కు పుటాలు అదరగొడితే, ఆ బండిని అక్కడ్నే వదిలి రండి. వరదల మునిగిన బండి గబ్బును కప్పేటందుకు కొట్టిన సెంటు కావచ్చు అది. నేను వదల్లే. 4 లక్షల 15 వేలు పోసి ఇంటికి తెచ్చుకున్న.

మే నెల ఎండల కొన్న. బండి తళతళ మెరుస్తున్నది. డాష్‌బోర్డు మీద జెల్ డబ్బా, అద్దానికి ఒక సెంటు బిళ్ల, సీటు కింద ఇంకోటి. మా ఇంటామె "పెండ్లి పందిట్ల ఉన్నట్టున్నది" అంటే నేను మురిసిపోయిన. నంబరు టీఎస్ 04, అంటే ఖమ్మం బండి. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలు మునిగింది టీవీల చూసినోణ్ణే. 2023 జూలైల మా నయీంనగర్‌ల నీళ్లెట్ల వచ్చినయో కండ్లార చూసినోణ్ణే. అయినా నంబరు ప్లేటు చూసి ఆ ముచ్చట యాదికి రాలే.

జూన్‌ల వానలు మొదలైనయి. ఏసీ వేసిన పది నిమిషాలకు, ఎనుమాముల మార్కెట్ల తడిసి మక్కిన గోనె బస్తాల వాసన. పిల్లలు వెనుక కూసొని ముక్కు మూసుకునుడే.

మొదటి మెకానిక్ గ్లోవ్ బాక్స్ వెనుక ఉండే క్యాబిన్ ఫిల్టర్ (బండి లోపలికి వచ్చే గాలిని వడకట్టేది) తీసి చూపిచ్చిండు, బొగ్గు లెక్క ఉన్నది. మారిస్తే రెండు రోజులు మంచిగనే ఉండె. మూడో రోజు మళ్ల అదే గబ్బు. ఇంకో ఏసీ షాపాయన "గ్యాస్ తక్కువైందన్నా, అందుకే వాసన" అని గ్యాస్ నింపి, ఏదో స్ప్రే కొట్టి 3,200 తీసుకున్నడు. ఇది చెవిన వేసుకోండి: ఏసీ చల్లగ వస్తున్నదంటే గ్యాస్ ఉన్నట్టే. ఆ గ్యాస్ పైపుల లోపల్నే తిరుగుతది, మక్కిన వాసనకూ దానికీ సంబంధం లేదు. ఏసీ నుంచి అసలు వచ్చే వాసన వేరు. లోపల గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ మీద చెమ్మ నిలిచి బూజు పడితే, ఏసీ వేసిన మొదటి నిమిషంల గుప్పుమని తర్వాత తగ్గుతది. డ్రెయిన్ పైపు మూసుకపోతే ఏసీ నీళ్లు బయటికి పోక ముందు సీటు కాళ్ల కాడికి దిగుతయి. నా బండి కింద నీళ్లు చక్కగ చుక్కలు చుక్కలుగ కారుతున్నయి. అంటే తప్పు ఏసీది కాదు.

సంగతి బయటపడ్డది సీటు కవర్ల షాపుల. మ్యాటింగ్ వేయిద్దామని పోతే, ఆ పిలగాడు కింది కార్పెట్ లేపి "అన్నా, ఒకసారి ఇటు రా" అన్నడు. పైన కార్పెట్ పొడిగ ఉన్నది. కింది ఫోమ్ మీద చెయ్యి పెట్టి ఒత్తితే చెయ్యంత తడి, గోళ్లల్ల బూడిదరంగు ఒండ్రు. అమ్మినోడు పైపైన షాంపూ వాష్ చేయించి, ఎండకు అద్దాలు దించి పెట్టిండు. ఎండల ఆ వాసన అణిగి ఉంటది, వానాకాలం గాలి తగలంగనే లేస్తది.

ఆ పిలగాడే సీటు బెల్టు చివరిదాక గుంజి చూపిచ్చిండు. మనం రోజూ గుంజేది సగమే. లోపల చుట్టుకొని ఉండే భాగం మీద బురద గీత, గీసినట్టు. స్టెప్నీ గుంతల ఒండ్రు, సీటు పట్టాల బోల్టులకు తుప్పు, దాని మీద కొత్త నల్ల రంగు. కొనే ముందు ఈ బెల్టు ఒక్కటి గుంజినా నా పైసలు మిగిలేవి.

సీట్లు విప్పి, ఫోమ్ పారేసి కొత్తది వేయించి, మూడు రోజులు ఎండబెట్టినంక వాసన పోయింది. 19 వేలు అయింది. భయం మాత్రం పోలే. చాలా కార్లల్ల ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ డబ్బా రెండు ముందు సీట్ల నడుమ కిందనే ఉంటది. నా బండిల ఎయిర్‌బ్యాగ్ లైటు అప్పుడప్పుడు వెలుగుతున్నది. పిల్లలను ఎక్కించుకొని హైదరాబాద్ రోడ్డు పట్టాలంటే మనసొప్పుతలేదు.

అన్ని వాసనలూ వరద వాసనలు కావు. తియ్యటి వాసన వచ్చి ముందు అద్దానికి లోపల జిడ్డు పొర పడితే హీటర్ కాడ కూలెంట్ (ఇంజిన్‌ను చల్లగ ఉంచే ద్రవం) లీకు. పెట్రోల్ వాసనొస్తే ఇంజిన్ ఆపి దిగాలె, అంతే. వీటిని సెంటుతోని కప్పొద్దు.

కాగితాల్ల ఇంకోటి చూడండి. అమ్మేటాయన పాత ఇన్సూరెన్స్ పాలసీ అడిగి తీసుకోండి. క్లెయిమ్ చేయకుంటే మొదటి ఏడాదికే 20 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంల తగ్గింపు, వస్తది. చాన ఏండ్లు ఒకరి చేతిలనే ఉన్న బండికి అది సున్నా ఉంటే ఎందుకని అడగండి. నాకు ఇచ్చిన కొత్త పాలసీ చూసి నేను సప్పుడు చేయలే.

అమ్మినాయన కాడికి పోతే "నేనెక్కడ అమ్మిన? మధ్యల మాట్లాడిన అంతే" అన్నడు. నిజమే, కాగితాల మీద ఆయన పేరు యాడ లేదు. ఆర్సీ ఖమ్మం ఓనరు నుంచి సీదా నా పేరు మీదికి వచ్చింది, పైసలు ఈ అమ్మినాయన తమ్ముని ఖాతాకు పోయినయి. పాత బండ్ల డీలర్లు ఆర్టీఏ నుంచి ఆథరైజేషన్ సర్టిఫికెట్ తీసుకోవాలన్న రూలు 2023 ఏప్రిల్ 1 నుంచి ఉన్నది. అది చూపియ్యమని అడగాలని నాకు కొన్నంకనే తెలిసింది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి కంప్లైంట్ రాయించిన. వినియోగదారుల కమిషన్ల కేసు వేసేందుకు రెండేండ్ల గడువు ఉంటదట, బెల్టు ఫోటోలు, ఫోమ్ వీడియో, ఫోన్‌ల పైసలు పంపిన స్క్రీన్‌షాట్లు అన్నీ దాచిపెట్టిన.